కవగోయె గంటస్తంభం

ఆ చితుకులు కాస్త ఎగదొయ్యండర్రా, మంట ఆరిపోతోంది. ఊఁ, ఇప్పుడు వినండి. గంటస్తంభం అంటే మన విజయనగరంలోదొక్కటే అనుకుంటున్నారేమో, జపాన్‌లో నేనింకోటి చూశాను. అప్పట్లో మీ పెద్దత్త వాళ్లు టోక్యోలో నిషి కసాయిలో ఉండేవారు. అక్కడ వీధిలోకి వెళ్తే తెలుగు మాట చెవిన పడుతుంది, మనవాళ్లు అంతమంది. ఒకనాడు మమ్మల్ని రైలెక్కించి కవగోయె తీసుకెళ్లారు. టోక్యోకి వాయవ్యంగా 30 కిలోమీటర్లుంటుంది.

అది షావుకార్ల ఊరు. టోక్యోని ఎడో అన్న రోజుల్లో ఇక్కడి సరుకంతా పడవలకెత్తి షింగాషి నది మీద అక్కడికి తోలేవారు. చిలగడదుంపలకి పెట్టింది పేరు. ఇప్పటికీ దాన్ని చిన్న ఎడో అంటారు. పెద్ద ఎడో చూద్దామన్నా మిగల్లేదు కదా, 1923 భూకంపానికి కొంత, 1945 బాంబులకి కొంత పోయింది.

ఆ ఊరికి గంటస్తంభం మొదట కట్టించినవాడు సకాయి తదకత్సు అనే ప్రభువు, 1600ల తొలినాళ్లలో. ఇళ్లల్లో గడియారాలెక్కడివి? పైనున్నవాడు కొడితేనే ఊరికి వేళ తెలిసేది. వాళ్ల లెక్క చెప్తే నవ్వుతారు. మధ్యాహ్నానికి తొమ్మిది గంటలు కొట్టేవారు. పొద్దు వాలేకొద్దీ ఎనిమిది, ఏడు, చీకటి పడ్డాక ఐదు, నాలుగు, అర్ధరాత్రికి మళ్లీ తొమ్మిది. సంధ్యవేళ ఆరు. పగలు ఆరు భాగాలు, రాత్రి ఆరు భాగాలు. వేసవిలో పగటి భాగం సాగేది, చలికాలంలో కురచబడేది. కూలివాడికి ఏ కాలంలో గిట్టుబాటయ్యేదో మీరే లెక్కేసుకోండి. 1873లో ఆ పద్ధతి తీసేసి ఇప్పటి 24 గంటల లెక్క పెట్టారు.

అసలు కథ 1893 మార్చి 17న. ఊళ్లో నిప్పంటుకుంది. 1302 ఇళ్లు బుగ్గయిపోయాయి, మూడో వంతుకు పైనే. గంటస్తంభమూ పోయింది. మంటలు చల్లారాక షావుకార్లు చూస్తే, చుట్టూ బూడిదలో ఒక బట్టల వ్యాపారి ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. 1792లో కట్టింది, మందపాటి మట్టిగోడలది. ఓసావా వారిల్లు అంటారు, నేనూ చూశాను. ఇంకేం, అందరూ అలాంటివే కట్టడం మొదలెట్టారు.

ఆ గోడలు నల్లగా నిగనిగలాడతాయి. సున్నంలో మసి కలిపి పూసి నునుపు చేస్తారట. కిటికీ తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, జానెడు మందం! రెక్క అంచు మెట్లుమెట్లుగా ఉంటుంది, ఎదుటి రెక్కకీ దానికి తగ్గ మెట్లు. రెండూ మూస్తే ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి, నిప్పురవ్వ దూరే సందుండదు. మంటలొస్తున్నాయంటే ఆ మూసిన చోట కూడా తడిమట్టి మెత్తేవారు. ఇక కప్పు మీద చూరు మొదలు కొప్పు దాకా ఎంత పెంకో! నన్నడిగితే అందులో భయం కొంత, ఎదుటివాడి కంటే గొప్పగా కనబడాలన్న పోటీ కొంత.

ఇళ్లన్నీ మట్టితో కట్టారా, గంటస్తంభం మాత్రం మళ్లీ కర్రతోనే కట్టారు. అదీ మరుసటి ఏడాదికే, 1894లో. కాలిన ఊరు ముందు తన కొంప చూసుకుంటుంది గానీ గంట సంగతి ఎవడికి పడుతుంది? వాళ్లకి పట్టింది. మూడంతస్తులు, 16 మీటర్ల ఎత్తు. ఈనాడు నిలబడింది అదే.

పొద్దున్న ఆరు, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు, రోజుకి ఈ నాలుగు వేళలా మోగుతుంది. మేం మూడింటి గంట కోసం కింద మెడలెత్తుకుని నిలబడ్డాం. లోపల నాలుక ఉండదు, బయట వేలాడే దుంగ వచ్చి కొడుతుంది. ఖంగుమనదు, బోఁ అని బరువుగా మొదలై చాలాసేపు లాగుతుంది. ఇప్పుడు కొట్టేది మనిషి కాదు, యంత్రం. అది చెప్పకుండా ఉంటే బాగుండునే అనిపించింది నాకు. 1996లో వాళ్ల ప్రభుత్వం దేశంలో కాపాడుకోదగ్గ 100 ధ్వనులకి జాబితా వేస్తే ఈ గంటకీ చోటిచ్చారు. చప్పుళ్లకి జాబితా వేసిన సర్కారుని నేనింకెక్కడా వినలేదు!

స్తంభం కిందనుంచే దారి, వెనకాల చిన్న గుడి. యకుషి అని, కళ్ల జబ్బులు బాగుచేస్తాడంటారు. మీ నాయనమ్మకి అప్పుడు శుక్లాలు. అరగంట కదల్లేదు అక్కణ్ణుంచి. ఇంటికొచ్చాక ఆపరేషనూ చేయించాం, డబ్బూ కట్టాం. కన్ను బాగైంది మాత్రం యకుషి వల్లేనంటుంది. అడగండి, ఇక్కడే ఉందిగా.