గొడ్డలికి సాన పట్టిందెవరు?

అమెరికాలో గరాజ్ సేల్స్ చుట్టూ తిరిగే అలవాటున్నవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ఓ మూల అట్టపెట్టెలో తుప్పు పట్టిన సుత్తులు, పట్టకార్లు, వాటి మధ్య పిడి ఊడిపోయిన ఓ పాత గొడ్డలి. దాన్ని కొనుక్కుపోయి, తుప్పు వదిలించి, కొత్త పిడి వేసి, గోడకి తగిలించి మురిసిపోయేవాళ్ళు అక్కడ బోలెడుమంది. ఇదేం పిచ్చిరా బాబూ అనిపించడం సహజమే. నాకు మాత్రం ఆ పిచ్చిలో అర్థం ఉందనే అనిపిస్తుంది. కాకపోతే చాలామంది దాన్ని అద్దంలా మెరిపించే తొందరలో అసలు చరిత్రనే అరగదీసేస్తున్నారని నా బాధ. అదెలాగో చెప్పాలంటే ఒక రెండొందల యేళ్ళు వెనక్కెళ్ళాలి.

అప్పట్లో అక్కడ గొడ్డలంటే ఊరి కమ్మరి చేసిచ్చేదే. ఉక్కు బాగా ఖరీదు. అందుకని ఒళ్ళంతా మెత్తని ఇనుముతో చేసి, వాదర దగ్గర మాత్రం ఓ ఉక్కు ముక్క పెట్టి కొలిమిలో కాల్చి అతికేవాళ్ళు. పైగా అది మొద్దుగానే చేతికొచ్చేది. కొన్నవాడే తీరిగ్గా కూర్చుని సాన పట్టుకోవాలి.

1826లో శామ్యూల్ కాలిన్స్, డేవిడ్ కాలిన్స్ అనే అన్నదమ్ములు, తమ బంధువు విలియం వెల్స్ తో కలిసి కనెటికట్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ నది ఒడ్డున గొడ్డళ్ళ కంపెనీ పెట్టారు. వాళ్ళ ఐడియా చాలా సింపుల్: గొడ్డలిని పదును పెట్టే అమ్మడం. కొన్నవాడు నేరుగా చెట్టు దగ్గరికెళ్ళిపోవచ్చన్నమాట. ఇప్పుడు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అడవులు నరికి పొలాలు చేసుకుంటున్న దేశంలో దాని విలువ ఆలోచించండి. కంపెనీ పేరు మీదే ఆ ఊరు కాలిన్స్‌విల్ అయింది.

1832లో ఎలైషా రూట్ అనే మెకానిక్ అక్కడ చేరాడు. అచ్చుల్లో పెట్టి ఇనుముకి రూపమివ్వడం, పిడి దూర్చే కన్నాన్ని మెషీన్‌తో పొడవడం లాంటి పద్ధతులతో, అంతదాకా మనిషి చేతివాటం మీద నడిచిన పనిని యంత్రాల మీదకి మార్చాడు. 1849లో రివాల్వర్లు చేసే కోల్ట్ కంపెనీకి వెళ్ళి అక్కడా అదే పని చేశాడు. అంటే తుపాకుల ఫ్యాక్టరీని తీర్చిదిద్దిన చెయ్యి గొడ్డళ్ళ దగ్గర ఆరితేరిందే.

పేరొచ్చాక నకిలీలు రావా? ఇంగ్లండులోనే కొందరు కాలిన్స్ ముద్ర కొట్టి సరుకు అమ్మడం మొదలెట్టారు. కాలిన్స్ వాళ్ళు లండన్ దాకా వెళ్ళి దావా వేశారు. 1857లో అక్కడి కోర్టు, విదేశీ కంపెనీ అయినా సరే తన ముద్రని దొంగిలిస్తే దావా వేయొచ్చు అని తేల్చింది. ట్రేడ్‌మార్క్ చట్టం చరిత్రలో ఆ కేసుకి చోటుంది. కాబట్టి పాత గొడ్డలి మీద సగం చెరిగిపోయిన ఆ ముద్ర ఉత్త అలంకారం కాదు, కోర్టుకెక్కి కాపాడుకున్న పేరు.

ఇక అసలు విషయం. పదును పెట్టే అమ్ముతాం అన్నారు సరే, మరి ఆ పదును పెట్టిందెవరు?

పెద్ద పెద్ద ఇసుకరాతి చక్రాల ముందు కూర్చుని, ఒంటి బరువంతా వేసి గొడ్డలిని రాతికి అదిమిపట్టి పని చేసిన కార్మికులు. రాతి మీద నీళ్ళు పడుతూనే ఉండేవి. అయినా సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఇసుకరాయంటే సిలికానే కదా. యేళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, దానికి క్షయ తోడవుతుంది. 1920 ప్రాంతంలో ప్రజారోగ్య పరిశోధకులు గొడ్డళ్ళ ఫ్యాక్టరీ ధూళిని కొలిచి, సాన పట్టేవాళ్ళ జబ్బుల మీద వ్యాసాలు రాశారు. కంపెనీ మొదలై అప్పటికే తొంభై యేళ్ళు దాటింది! సాన రాళ్ళ ముందు కూర్చున్నవాళ్ళలో బతుకుతెరువు కోసం వలస వచ్చినవాళ్ళు చాలామంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెయిన్ సా వచ్చి గొడ్డలిని పక్కకి నెట్టేసింది. 1955 వరదలు కాలిన్స్ కంపెనీని గట్టిగా దెబ్బ తీశాయి. 1966లో మూతపడింది. గొడ్డళ్ళు మాత్రం షెడ్లలో మిగిలిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ ఆ అట్టపెట్టె దగ్గరికొద్దాం. పాత గొడ్డలి దొరగ్గానే చాలామంది చేసే పని, కరెంటు గ్రైండర్ మీద పెట్టి రవ్వలు లేపడం. పలచని వాదర చిటికెలో వేడెక్కుతుంది. అంచు నీలంగా మారిందంటే సుమారు 300 డిగ్రీలు తగిలినట్టే, కమ్మరి పట్టిన గట్టిదనం అక్కడ పోయినట్టే. ఇంక ఆ పదును నిలవదు. ఒళ్ళంతా అరగదీస్తే ముద్ర కూడా పోతుంది. పని చేస్తున్న పాత కోడ్‌ని చదవకుండా తిరగరాసేవాళ్ళని మనం చూడలేదూ, అలాగన్నమాట!

పద్ధతిగా చేసేవాళ్ళు వెనిగర్‌లో నానబెట్టి తుప్పు వదిలిస్తారు, వంటసోడా నీళ్ళతో కడుగుతారు. అప్పుడు మెత్తని ఇనుముకీ ఉక్కుకీ మధ్య అతుకు గీత బయటపడుతుంది, ఉక్కు కాస్త నల్లగా. ముద్ర మరీ పలచగా ఉంటే వెనిగర్ జోలికీ పోరు, నూనె రాసి రుద్దుతారంతే. వాదరకి ఆకురాయి పెడతారు, ఓపిగ్గా, చేత్తో. కొత్త హికరీ పిడి వేసి, చీల దిగ్గొట్టి, అవిసె నూనె పట్టిస్తారు.

పిడి మార్చడం తప్పేం కాదు, అది అరిగిపోయే వస్తువే. కానీ ముద్ర, అతుకు గీత, వాదరలో మిగిలిన ఆ కాస్త ఉక్కు.. వీటిని ముట్టుకునే ముందు ఒకసారి ఆగాలి. ఫ్యాక్టరీ కట్టినవాడి పేరు పుస్తకాల్లో ఉంది, ఊరికీ ఉంది. సాన పట్టినవాడికి మిగిలింది ఆ వాదర ఒక్కటే. దాన్ని కూడా మనం మెరుపు కోసం అరగదీసేస్తే ఎలా?