కాలువ గట్టు మీద మేస్త్రీ ఎవరు?

కరువు సాయం గురించి రాసేటప్పుడు ఎంత ధాన్యం పంచారు, ఎంత డబ్బు ఖర్చయింది అన్న లెక్కలే ముందుకొస్తాయి. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషన్ చేసిన పనిని పరిశీలిస్తే, వాటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. పని చేయించిందెవరు, కూలి చేతికిచ్చిందెవరు? ఆ రోజుల్లో మాదిగ కుటుంబాలకు అది చావుబతుకుల ప్రశ్న.

వానలు మొహం చాటేసి, పంటలు పోయి, ధాన్యం ధర ఆకాశానికంటినప్పుడు మద్రాసు ప్రభుత్వం చేతనైనవాళ్లకు పని పెట్టి కూలి ఇచ్చే పద్ధతి ఎంచుకుంది. తీరం వెంట సాగిన బకింగ్‌హాం కాలువ తవ్వకం అందులో పెద్దది. 1877లో భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ పొదుపు పేరుతో మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. మండుటెండలో మట్టి తవ్వి మోసే మనిషికి అది అర్ధాకలి. ఆ కాస్త కూలి కూడా అందరికీ ఒకేలా దక్కలేదు. పని చూసే మేస్త్రీలు పై కులాలవాళ్లు. మాదిగవాళ్లను తిట్టడం, కొట్టడం, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం అక్కడ మామూలు. కాగితం మీద పని అందరికీ ఉంది. కాలువ గట్టు మీద మాత్రం కులమే నిర్ణయించింది.

ఒంగోలులో 1866 నుంచీ ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, యవ్వనంలో తన దేశంలో సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో కాలువలో సుమారు మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. అతని దగ్గర బోధకులుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలే. వాళ్లనే మేస్త్రీలుగా పెట్టి, ఒక్కొక్కరికి వందమంది చొప్పున కూలీలను అప్పగించాడు. పలుగూ పారా తట్టా అవే, ఎండా అదే. తిట్టు లేకుండా పని, కోత లేకుండా కూలి దొరికే చోటుందన్న కబురు పల్లె నుంచి పల్లెకు పాకింది. పడమటి గ్రామాల నుంచి కూడా జనం నడిచి వచ్చారు.

ఇదంతా మతం మార్చడానికి వేసిన ఎర అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. పని మధ్య విరామంలో ఆ మేస్త్రీలే కూలీలకు బోధించారు కూడా. అన్నం పెట్టే చెయ్యీ బోధించే నోరూ ఒక్కరివే అయినప్పుడు, ఆకలిగొన్నవాడి ఒప్పుకోలును పూర్తి స్వేచ్ఛ అనలేం. అయితే సాయం సాగిన దాదాపు పదిహేను నెలలూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఎందరు అడిగినా ఇవ్వలేదు. కూలి కోసమే వచ్చినవాళ్లయితే కూలి ముగిశాక వెళ్లిపోవాలి. వాళ్లు ఆ తర్వాతే వేలల్లో వచ్చారు. పైగా ఈ కదలిక కరువుతో మొదలైంది కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1860ల్లోనే క్రైస్తవంలో చేరి, తనవాళ్ల మధ్య ఊరూరా తిరిగాడు. కరువు నాటికి నమ్మకమైన మనుషులు పల్లెల్లోనే ఉన్నారు. తమను మనుషులుగా చూసిన చోటును వాళ్లు ఎంచుకున్నారని నేను నమ్ముతాను.

ఇంకో అభ్యంతరం బరువైనది. కరువులోనూ ధాన్యం ఎగుమతిని ఆపని, కూలి కోసిన ప్రభుత్వానికి ఈ కాంట్రాక్టు ఊతమే కదా అంటారు. నిజమే. మూడున్నర మైళ్ల గట్టు ఆ విధానాన్ని మార్చలేదు. కానీ అదే విధానం కింద, అదే కాలువ మీద, మేస్త్రీ మారగానే కూలీ బతుకు మారింది. అంటే సర్కారు శిబిరాల్లో జరిగిన అన్యాయం తప్పనిసరిది కాదు. అక్కడివాళ్లు తలుచుకుంటే అక్కడా ఆగేది.

ఇది పాత కథ మాత్రమే కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలోనూ సాయం పంపిణీలో దళితులను పక్కన పెట్టారన్న ఫిర్యాదులు వచ్చాయి. తుపాను, వరద బాధిత గ్రామాలకు వెళ్లే బృందాలకు నా విన్నపం ఒక్కటే: లారీ దించకముందే జాబితా ఎవరి చేతిలో ఉందో అడగండి. ఆ జాబితా రాసేవాళ్లలో దళితవాడ మనిషి ఒకరు లేకపోతే, ముందు ఆ మనిషిని కూర్చోబెట్టండి.