బైపీసీకీ ఎంపీసీకీ మధ్య గోడ ఎవరు కట్టారు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఎంపీసీయా, బైపీసీయా? డాక్టర్ కావాలన్న ఆశ మనసులో ఏ మూలనున్నా సరే, ఆ పిల్ల లెక్కలకు నమస్కారం పెట్టాల్సిందే. లెక్కలు వదలలేని పిల్లవాడు డాక్టరీ మాట మరిచిపోవాల్సిందే. పదిహేనేళ్లకే ఇంత తెగింపు ఎందుకని అడిగితే, వైద్యం అంత బరువైన చదువు గనుక అంటారు. ఈ జవాబు మీద నాకు నమ్మకం లేదు. గణితం, జీవశాస్త్రం కలిసి ఒక బుర్రలో ఇమడవని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. ఈ గోడను కట్టింది మన పరీక్షల లెక్క, ప్రవేశాల నిబంధనలు. ఎప్పుడు, ఎలా కట్టారో వెనక్కి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

డాక్టరీకి ముందు ఏం చదివి ఉండాలన్నది కాలాన్ని బట్టి, పాలకులను బట్టి మారుతూ వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో స్కూలు ఫైనల్ పూర్తయినవాళ్లు మెడికల్ స్కూల్లో చేరి, డిగ్రీ లేకుండా లైసెన్సుతో వైద్యం చేసే ఎల్.ఎం.పి. డాక్టర్లుగా బయటికొచ్చేవారు. విశాఖపట్నంలో 1902లో మొదలైన బడి అలాంటిదే. 1923లో అక్కడ కళాశాల వచ్చాక డిగ్రీ చదువుకు ఇంటర్మీడియట్ కావాల్సి వచ్చింది. నిజాం రాష్ట్రంలో కథ పూర్తిగా వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యంతో సహా చదువంతా ఉర్దూలోనే సాగింది. అంటే అక్కడి తెలుగు పిల్లవాడు డాక్టరీ ఆశ నిలుపుకోవాలంటే ముందు ఉర్దూ బాగా రావాలి, వృక్షశాస్త్రం సంగతి ఆ తర్వాత. రెండు ప్రాంతాల్లోనూ రోగులు ఒకటే, రోగాలు ఒకటే. గుమ్మం దగ్గర అడిగేది మాత్రం వేరు. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ ఎల్.ఎం.పి. లాంటి చిన్న చదువులు ఆపేసి, దేశమంతటా ఒకే స్థాయి డాక్టరు ఉండాలని చెప్పింది. సలహా మంచిదే. అయితే దానితోపాటు స్కూలు నుంచి నేరుగా వైద్యంలోకి వెళ్లే దారి మూసుకుపోయింది, అందరూ ఒకే గుమ్మం ముందు వరుస కట్టారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పాత మద్రాసు ఇంటర్మీడియట్‌లోనూ గ్రూపులున్నాయి కదా, గణితం తీసుకునేవాళ్లది ఒకటి, దాని బదులు నేచురల్ సైన్స్ తీసుకునేవాళ్లది ఇంకొకటి. మరి గోడ కొత్తదెలా అవుతుంది? గ్రూపులు పాతవేనని ఒప్పుకోవాల్సిందే. కాని ఆ రోజుల్లో జీవశాస్త్రం బరువంతా ఇంటర్ మీదే పడేది కాదు. 1950ల రెండో సగంలో ప్రీ-యూనివర్సిటీ కోర్సు, అంటే పి.యు.సి. వచ్చాక, దాని తర్వాత ఎంబీబీఎస్‌కు ముందు ప్రీ-ప్రొఫెషనల్ అని ఒక ఏడాది ఉండేది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను ఆ ఏడాదిలో మళ్లీ చెప్పేవారు. వైద్యం చదవబోయేవాడికి ఏం కావాలో చూసుకునే బాధ్యత వైద్య విద్యదే అన్నమాట. తర్వాత ఆ ఏడాది మాయమై, బాధ్యత మెల్లగా కింది మెట్టుకు జారింది. 1969లో రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికి బోర్డు ఏర్పడింది. పైన చెప్పే పాఠం కిందికి దిగడంతో, దాన్ని ఎంచుకునే వయసూ కిందికి దిగింది.

ఆ సంధికాలంలో నడిచిన ఒక కేసు ఈ సంగతిని బాగా చూపిస్తుంది. అప్పట్లో వైద్య కళాశాలకు రెండు రకాల పిల్లలు వచ్చేవారు: పి.యు.సి. చదివినవాళ్లు, మల్టీపర్పస్ స్కూళ్లలో హయ్యర్ సెకండరీ (హెచ్.ఎస్.సి.) చదివినవాళ్లు. అందరికీ ఒకే ప్రవేశ పరీక్ష పెట్టి, సీట్లలో 40 శాతం మాత్రం హెచ్.ఎస్.సి. వాళ్లకు ప్రభుత్వం పక్కన పెట్టింది. దాంతో పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన హెచ్.ఎస్.సి. పిల్లవాడికి సీటు దొరికి, ఎక్కువ వచ్చిన పి.యు.సి. పిల్లవాడికి దొరక్కపోవచ్చు. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972లో బలరాం కేసు తీర్పులో, అందరికీ ఒకే పరీక్ష పెట్టాక ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి మళ్లీ విడదీయడం సమానత్వానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. అదే తీర్పు వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌ను సమర్థించింది గనుక అందరికీ ఆ భాగమే గుర్తుంది. నా ఉద్దేశంలో మొదటి భాగానిదీ తక్కువ ప్రాధాన్యమేమీ కాదు. ఒకే పరీక్ష పెట్టి దానితోనే తేల్చేటప్పుడు, అంతకుముందు ఏ బడిలో ఏ దారిన వచ్చావని అడగడంలో అర్థం ఎంత అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. తర్వాతి యాభై ఏళ్లు మన విద్యాశాఖలు దాన్ని పట్టించుకోలేదు.

అసలు గోడ ఎక్కడుందో చూడాలంటే మార్కుల జాబితా తీసి చూడాలి. పాత పద్ధతిలో ఇంటర్ మొదటి ఏడాది ఎంపీసీకి 470 మార్కులు, బైపీసీకి 440. రెండు భాషలకు చెరో వంద, ఫిజిక్స్‌కూ కెమిస్ట్రీకీ అరవై అరవై, ఇవి ఇద్దరికీ సమానం. మిగిలిన చోటులో ఎంపీసీ వాడికి మ్యాథ్స్ ఏ, మ్యాథ్స్ బీ అని 75 మార్కుల పేపర్లు రెండు. బైపీసీ వాడికి బోటనీ, జువాలజీ అని అరవై మార్కుల పేపర్లు రెండు. రెండో ఏడాది బైపీసీ పిల్లలకు ప్రాక్టికల్సే 120 మార్కులు. నాలుగు రికార్డు పుస్తకాలు, ద్విదళబీజ కాండం అడ్డుకోత కోసి శాఫ్రనిన్ అద్ది స్లైడు చూపించడం, పెన్సిల్‌తో బొమ్మ గీసి భాగాలు గుర్తించడం, అన్నీ ఉండేవి. లోపం ఈ అమరికలోనే ఉండేది. ఆ పద్ధతిలో మన దగ్గర జీవశాస్త్రం ఒక సబ్జెక్టు కాదు, రెండు. గణితం ఒక పేపరు కాదు, రెండు. ఏది తీసుకున్నా నాలుగు సైన్సు చోట్లలో రెండు నిండిపోయేవి, రెండోదానికి చోటుండేది కాదు. పక్కనే ఉన్న కర్ణాటకలో జీవశాస్త్రం ఒక పేపరు, గణితం ఒక పేపరు. ఫిజిక్స్, కెమిస్ట్రీలతో కలిపి నాలుగూ చదివి, ఇంజినీరింగ్‌కూ మెడిసిన్‌కూ రెండింటికీ పరీక్ష రాసే పిల్లలు అక్కడ మామూలే. సరిహద్దు దాటితే పిల్లల బుర్రలు పెద్దవి కావు కదా, పేపర్ల లెక్క మారుతుందంతే. మన దగ్గర జీవశాస్త్రం రెండుగా చీలడానికి కారణం కూడా రోగికి సంబంధించింది కాదు. విశ్వవిద్యాలయాల్లో ఆ శాఖలు వేరు, ఎమ్మెస్సీలు వేరు, జూనియర్ కళాశాలల్లో లెక్చరర్ పోస్టులు వేరు. 1968లో వచ్చిన తెలుగు అకాడమీ వృక్షశాస్త్రానికి ఒక పుస్తకం, జంతుశాస్త్రానికి ఒక పుస్తకం వేసింది.

ఈ అమరికకు ప్రవేశ పరీక్ష ముద్ర వేసింది. 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చింది, 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలిసింది, ఆ దశాబ్దంలోనే ఎంసెట్ సీటుకు ఏకైక దారి అయ్యింది. ఎంసెట్ ప్రశ్నపత్రం ఇంటర్ లెక్కనే నకలు చేసింది: 160 మార్కుల్లో మెడిసిన్ వైపు బోటనీ 40, జువాలజీ 40, ఇంజినీరింగ్ వైపు మ్యాథ్స్ 80. గోడకు ఇవతలి వాళ్ల ర్యాంకు వేరు, అవతలి వాళ్ల ర్యాంకు వేరు. విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో కార్పొరేట్ కాలేజీలు దీని మీదే పెరిగాయి. సెక్షన్లు, హాస్టళ్లు, వారం వారం పరీక్షలు అన్నీ గ్రూపు ప్రకారమే. ఇళ్లలో దీనికి ఇంకో రంగు కూడా అంటుకుంది, అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ అని. ఆడపిల్లకు లెక్కలెందుకన్న పాత మాటకు ఈ గ్రూపులు ఒక గౌరవమైన ముసుగు తొడిగాయంటే అతిశయోక్తి కాదు.

దేశస్థాయి నిబంధనలు గోడను ఇంకా ఎత్తు చేశాయి. 1997 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో కలిపి 50 శాతం మార్కులు కావాలన్నాయి. అది సబబే. కాని పదకొండు, పన్నెండు తరగతుల్లో రెండేళ్లూ రెగ్యులర్‌గా ఆ సబ్జెక్టులు చదివి ఉండాలన్న పట్టుదల కూడా వచ్చిపడింది. బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినవాళ్లను 2018లో పక్కన పెట్టబోతే ఢిల్లీ హైకోర్టు అడ్డుపడింది. చివరికి 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ దిగొచ్చి, పన్నెండో తరగతి అయ్యాక బయాలజీని అదనంగా రాసి పాసైనా దేశమంతటికీ పెట్టే వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అర్హతే అని ప్రకటించింది. నిన్నటి దాకా వైద్య విద్యకు తప్పనిసరి అన్నది ఒక్క నోటీసుతో అనవసరమైపోయింది. తప్పనిసరి అన్నది మొదట్నుంచీ కాగితం మీది మాటే అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అయినా ఈ గోడను సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. 2024 నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు, ఎంబీబీఎస్ సీట్లు లక్షా పదివేల దరిదాపు. ఇంత పోటీలో లెక్కలు కూడా నెత్తికెత్తుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతారని తల్లిదండ్రులు భయపడితే తప్పు పట్టలేం. పైగా బైపీసీతో పశువైద్యం, వ్యవసాయం, ఫార్మసీ, నర్సింగ్, ఆయుర్వేదం ఇన్ని దారులున్నాయి కదా అంటారు. నిజమే. అయితే రెండు మాటలు చెప్పుకోవాలి. నీట్ 720 మార్కుల్లో 180 ఫిజిక్స్‌వి. త్రికోణమితి, లాగరిథమ్‌లు, కొద్దిపాటి కలనం రాకుండా ఆ ఫిజిక్స్ రాదు. లెక్కలు లేని గ్రూపు పిల్లలకు అవే లెక్కలు ఫిజిక్స్ లెక్చరర్ హడావుడిగా చెప్పాల్సి వస్తోంది. బైపీసీ పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఫిజిక్స్‌లోనే అన్న సంగతి కోచింగ్ వాళ్లకు తెలియనిది కాదు. లెక్కలు మోయక్కర్లేదన్నది పేరుకే, మోత తప్పడం లేదు. ఇక రెండోది, సీటు రానివాళ్లే ఎక్కువ. వాళ్లకు మిగిలిన దారుల్లో ఇంజినీరింగ్‌లో చాలా శాఖలు, గణితంతో ముడిపడిన డిగ్రీలు లేకుండా పోవడం చిన్న నష్టం కాదు. గెలిచే కొద్దిమంది వీలు కోసం మిగిలిన లక్షల మంది దారి కుదించడం న్యాయమనిపించదు. ఎంసెట్ కాలంలోనైతే ఇంటర్ మార్కులకు కొంతకాలం 25 శాతం వెయిటేజీ ఇచ్చారు గనుక గ్రూపుకు ఏదో అర్థముండేది. 2017 నుంచి ర్యాంకు నీట్‌దే, ఇంటర్ అర్హతకే పరిమితం.

2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు బోటనీ, జువాలజీలను కలిపి ఒకే బయాలజీ చేసింది, రెండు మ్యాథ్స్ పేపర్లను ఒకటి చేసింది, గణితమూ జీవశాస్త్రమూ కలిసి తీసుకునే ఎంబైపీసీకి వీలిచ్చింది. దీని కోసం వైద్యశాస్త్రంలో మారింది ఏమీ లేదు, పేపర్ల కూడిక మారింది. చోటు ఖాళీ కాగానే గోడకు కిటికీ వచ్చింది. ఇక మిగిలింది మనుషుల పని. బోటనీ, జువాలజీ లెక్చరర్లు ఒకే పేపరును ఎలా పంచుకుంటారు, మ్యాథ్స్ పీరియడ్ ఏ గంటలో పడుతుంది, ఒకే సెక్షన్‌లో రెండు రకాల పిల్లలను కూర్చోబెట్టడానికి ప్రైవేటు కాలేజీలు ఒప్పుకుంటాయా అన్నవి ఇంకా తేలాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ పోస్టు ఖాళీగా ఉంటే, ఆ ఊరి పిల్లకు ఎంబైపీసీ దరఖాస్తు ఫారంలో గడిగానే మిగులుతుంది.