తానీషా లేని సమాధుల తోట

మన జంగారెడ్డిగూడెం వాళ్లకు తానీషా పేరు కొత్త కాదు. అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వెళ్లొచ్చిన ప్రతి ఇంట్లోనూ రామదాసు కథతోపాటు ఆయన పేరూ వినిపిస్తుంది. ఆ తానీషా పూర్వీకుల సమాధులు గోల్కొండ కోట పక్కనే ఉన్నాయి. సివిల్ ఇంజనీరుగా నేను మళ్లీ మళ్లీ వెళ్లి చూసే పాత కట్టడాలు అవే.

వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ సమాధి చిన్నది, నిరాడంబరమైనది. ఆయన 1543లో హతుడయ్యాడు. తరువాత 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీంను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇబ్రహీం కొడుకు, హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ 1612లో కన్నుమూశాడు. ఎత్తైన అరుగుల మీద ఆయన సమాధి దాదాపు 42 మీటర్లు లేస్తుంది.

నలుచదరపు గది మీద గుండ్రని గుమ్మటం ఎలా నిలిచింది? నాలుగు మూలల్లో కమానులు వేసి, చదరాన్ని ఎనిమిది పలకలు చేసి, దానిమీద గుమ్మటం లేపారు. గుమ్మటం బరువు కిందికే కాదు, అడుగుభాగాన బయటికి కూడా తోస్తుంది. ఆ తోపును మందపాటి గోడలు కాస్తాయి. ఇనుప చువ్వ లేదు, సిమెంటు లేదు. ఉన్నవి రాయీ, సున్నపు గచ్చూ.

సిమెంటు వచ్చింది తరువాతి మరమ్మతుల్లో. అది తడిని లోపలే బంధిస్తుంది. సున్నం తడిని పీల్చి, వదిలేస్తుంది. అందుకే 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఆ సిమెంటు పొరలు ఒలిచి, మళ్లీ సున్నం పూయించాయి. నేను కాలేజీలో చదవని పాఠం అది.

ఇన్ని గుమ్మటాల మధ్య తానీషాకు మాత్రం చోటు దక్కలేదు. అక్కన్న, మాదన్నలను మంత్రులుగా పెట్టుకున్న ఆయన, ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో ఔరంగజేబుకు చిక్కాడు. దౌలతాబాదు కోటలో బందీగా ఉండి, ఖుల్దాబాదులో మట్టిలో కలిశాడు. అక్కడ గుమ్మటం లేదు. అయినా మన ఊళ్లలో జనం నోట నిలిచిన పేరు, గుమ్మటాలున్న తాతలది కాదు, ఆయనదే.

మిత్రులకు ఒక్క మనవి. మన చుట్టుపక్కల సున్నపు గోడల మండువా ఇళ్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. మీ ఇంటి గోడ పెచ్చులూడితే, సిమెంటు బస్తా తెప్పించేముందు సున్నం పని తెలిసిన పాత మేస్త్రీ ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి. ఆ పనివాళ్లు పోతే, ఆ ఇళ్లను నిలబెట్టడం మాబోటి ఇంజనీర్ల వల్ల కూడా కాదు.