సంతకం ఎవరికి చూపించాలి, సర్వోకా?

ముందే చెప్పేస్తున్నా, నాకు డ్రోన్లంటే పెద్ద మోజు లేదు. నాలుగు ఫ్యాన్లు తగిలించి పైకి లేపడంలో మజా ఏముంది? రెక్క ఉండాలి, ఆ రెక్క మనమే కోసి అంటించాలి. కానీ మా రిమోట్ విమానాల సరదాకి వచ్చిన తిప్పలన్నీ ఆ డ్రోన్ల పుణ్యమే.

2014 మే నెలలో ముంబైలో ఒక పిజ్జా షాపు వాళ్ళు డ్రోన్ మీద పిజ్జా పంపి వీడియో వదిలారు. దేశమంతా చూసింది. అక్టోబర్ 7న డీజీసీఏ ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చింది: నిబంధనలు తయారయ్యేదాకా ప్రభుత్వేతరులు ఎవ్వరూ, ఏ పనికైనా సరే, మానవరహిత విమానాలు ఎగరెయ్యకూడదు. మరి బాల్సా చెక్కతో చేసిన బొమ్మ విమానం సంగతేంటి? అందులోనూ మనిషి ఉండడు కాబట్టి అదీ అంతే అన్నారు కొందరు. నోటీసు ఉద్దేశం అది కాదన్నారు ఇంకొందరు. తేల్చి చెప్పే నాథుడు లేడు. (ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ లో పిల్లలకి ఏరోమోడలింగ్ నేర్పేది కూడా ఈ దేశంలోనేనండోయ్.)

2016 ఏప్రిల్ లో ఒక ముసాయిదా, 2017 నవంబర్ లో ఇంకోటి. ఆ మధ్యలోనే మేం బీటెక్ వెలగబెడుతున్నాం. ఓ ఆదివారం కాలేజీ వెనక పొలంలో థర్మాకోల్ విమానం ఎగరేస్తుంటే ఎస్సై గారు జీపు దిగారు.

"డ్రోనా?"

"కాదు సార్, ఏరోమోడల్."

"ఎగురుద్దా?"

"ఎగురుద్ది సార్."

"మరి డ్రోనే కదా!"

ఆయన్ననేం లాభం, ఢిల్లీ నోటీసులోనే ఆ తేడా లేదు. మర్నాటినుంచి మా విమానాలు ల్యాబ్ బీరువాలోకెళ్ళాయి. ఈ విద్య పుస్తకం చదివితే రాదు. సీనియర్ రిమోట్ కీ జూనియర్ రిమోట్ కీ వైరు కలిపి, వీడు తడబడితే వాడు అందుకుంటూ నేర్పాలి. రెండు బ్యాచ్ లు ఎగరెయ్యకపోతే మూడో బ్యాచ్ కి నేర్పేవాడుండడు. మా దగ్గర అదే జరిగింది.

అసలు సినిమా 2018 డిసెంబర్ 1న. ఆ రోజు అమల్లోకొచ్చిన నిబంధనల్లో 'నో పర్మిషన్ నో టేకాఫ్' అని ఒకటుంది. ఎగిరే ముందు డిజిటల్ స్కై సర్వర్ కి అర్జీ పెట్టాలి, అది డిజిటల్ సంతకం చేసిన ఎక్స్ఎమ్ఎల్ ఫైలు ఇస్తుంది, విమానంలో ఉన్న కంప్యూటర్ ఆ సంతకం సరిచూసుకుంటేనే మోటార్ తిరుగుతుంది. 250 గ్రాముల లోపు నానోలకి తప్ప మిగతా అందరికీ ఇంతే. డిజైన్ గా చూస్తే భలే ఉంది. కానీ మా విమానంలో ఉండేది ఒక రిసీవర్, ఒక బ్యాటరీ, మోటారూ, నాలుగు సర్వోలు. సంతకం చూపించేదెవరికి, సర్వోకా? యూజర్ని పిలవకుండా రాసిన రిక్వైర్‌మెంట్లతో మనం రోజూ పడే పాట్లే ఇవి.

2021 మార్చి 12న మళ్ళీ కొత్త రూల్స్ వచ్చాయి, 25 ఫారాలతో, 72 రకాల ఫీజులతో. ఆ జూన్ 27న జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో బాంబులేశారు. ఇహ మన పని అయిపోయిందనుకున్నాను. తమాషా ఏంటంటే, దాదాపు రెండు నెలలకి, ఆగస్టు 25న, ఆ రూల్స్ కొట్టేసి డ్రోన్ రూల్స్ 2021 తెచ్చారు. 25 ఫారాలు 5 అయ్యాయి, 72 ఫీజులు 4 అయ్యాయి. సరదాకీ చదువుకీ కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు 'మోడల్' విమానాలకి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా రాశారు. ఎస్సై గారికి మేం చెప్పబోయిన తేడా ఇదే, కాగితం మీదకి రావడానికి ఏడేళ్ళు పట్టింది!

ఆ తర్వాత 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు, విడిభాగాలకి మాత్రం అడ్డు చెప్పలేదు. అంటే భాగాలు తెప్పించుకుని మనమే అంటించుకోవాలన్నమాట. మేం మొదట్నుంచీ చేస్తున్నది అదే కదా :-)