స్లీపర్ బోగీల్లో పౌరుషం

1860ల చివర్లో షికాగో వ్యాపారి జార్జ్ పుల్‌మన్ అమెరికా రైళ్లలో పడక బోగీలు నడపడం మొదలుపెట్టాడు. వాటిలో సేవకు, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మగవాళ్లను ఏరికోరి తీసుకున్నాడు. పడకలు పరచడం, బూట్లు పాలిష్ చేయడం, సామాన్లు మోయడం, అర్ధరాత్రి గంట మోగినా పరుగెత్తుకు రావడం ఈ పోర్టర్ల పని. ప్రయాణికులు వాళ్లలో ఎవరినైనా ‘జార్జ్’ అనే పిలిచేవారు. బానిసకు యజమాని పేరే పెట్టి పిలిచే పాత అలవాటు రైలెక్కిందన్నమాట. ఈ పిలుపు మాన్పించడానికి 1914లో ఒక సంఘం కూడా వెలిసింది. దాన్ని పెట్టింది పోర్టర్లు కాదు, జార్జ్ అనే పేరున్న ఓ తెల్ల కలప వ్యాపారి. పనివాళ్లను తన పేరుతో పిలవడం ఆయనకు నామోషీగా తోచింది.

బోగీలో ‘బాయ్’ అనిపించుకున్న మనిషే తన పేటలో పెద్దమనిషి. ఇస్త్రీ చెదరని యూనిఫాం, ఊరూరూ తిరిగిన అనుభవం, నెలనెలా జీతం ఉన్నవాడు. నల్లజాతి పత్రిక ‘షికాగో డిఫెండర్’ కట్టలను దక్షిణాది ఊళ్లకు చేరవేసింది కూడా పోర్టర్లే. ఇంట్లో దొరికే ఆ గౌరవానికీ, రైల్లో మింగాల్సిన అవమానానికీ మధ్య తరం తర్వాత తరం నలిగిపోయింది.

1920ల్లో పోర్టర్లు సుమారు 12,000 మంది. నెల జీతం చేతికి రావాలంటే 400 గంటల పని చేయాలి, లేదా 11,000 మైళ్లు తిరగాలి. తిండి ఖర్చు, బూట్ పాలిష్ ఖర్చు వాళ్లవే. జీతం చాలదు కాబట్టి టిప్పు కావాలి, టిప్పు కావాలంటే ఎంత మాటపడ్డా నవ్వాలి. 1925 ఆగస్టు 25న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో వాళ్లు యూనియన్ పెట్టుకున్నారు. నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన పోర్టర్ కాడు, కాబట్టి కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి పీకేయలేదు.

ఆ యూనియన్ ప్రచారమంతా పౌరుషం చుట్టూ తిరిగింది. టిప్పు కోసం చెయ్యి చాపేవాడు కాదు, సొంత సంపాదనతో పెళ్లాంబిడ్డల్ని పోషించేవాడే మగవాడు అన్నది దాని సారం. శతాబ్దాల పాటు ఎంత వయసొచ్చినా ‘కుర్రాళ్లు’గానే మిగిలిపోయిన వాళ్లకు ఆ మాట ఎంత బలమిచ్చిందో ఊహించవచ్చు. పన్నెండేళ్ల పోరాటం తర్వాత, 1937లో సరిగ్గా అదే తేదీన పుల్‌మన్ కంపెనీ ఒప్పందం మీద సంతకం చేసింది. నెలకు 400 గంటల పని 240 గంటలకు దిగింది.

అయితే, ఇల్లు పోషించే మగవాళ్ల ఈ యూనియన్‌ను నిలబెట్టిన డబ్బులో కొంత ఒక ఆడమనిషి సంపాదన. రాండాల్ఫ్ భార్య లూసిల్ గ్రీన్‌కు హార్లెమ్‌లో బ్యూటీ పార్లర్ ఉండేది. జుట్టు సంరక్షణ వ్యాపారంలో పేరుమోసిన మేడమ్ సి.జె. వాకర్ దగ్గర ఆమె పని నేర్చుకుంది. జీతం లేని రోజుల్లో రాండాల్ఫ్ ఇల్లు గడిచింది ఆ పార్లర్ మీదే.

వాషింగ్టన్‌లో ఓ పోర్టర్ భార్య రోజినా టక్కర్ మరో అడుగు ముందుకేసింది. కంపెనీ వేగులకు భయపడి పోర్టర్లు నోరు మెదపని కాలంలో ఇంటింటికీ తిరిగి వాళ్లను యూనియన్‌లో చేర్పించింది. అది తెలిసి కంపెనీ ఆమె భర్తను పనిలోంచి తీసేసింది. ఆమె నేరుగా అధికారి గదికి వెళ్లి, బల్ల గుద్ది, తను చేసే పనులతో తన భర్తకు సంబంధం లేదని తేల్చిచెప్పింది. ఆయన ఉద్యోగం ఆయనకు తిరిగొచ్చింది. మొదట్లో యూనియన్ పేరులో పోర్టర్లతో పాటు రైళ్లలో పనిచేసే ఆయాలకూ చోటుండేది. తర్వాత ఆ పేరులోంచి ఆయాలను తీసేశారు. సభ్యుల భార్యలకు మాత్రం అనుబంధ మహిళా సంఘం మిగిలింది.

ఆడవాళ్లను పక్కన పెట్టే ఈ ధోరణి యూనియన్ గడప దాటి నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమంలోకీ పాకింది. అలబామాలోని మాంట్‌గొమరీలో 1955 డిసెంబరులో తెల్లవాళ్లకు బస్సు సీటు వదలనందుకు అరెస్టయిన రోజా పార్క్స్‌ను బెయిలు మీద విడిపించడానికి వెళ్లినవారిలో పోర్టర్ ఇ.డి. నిక్సన్ ఒకరు. ధైర్యవంతుడు, ఊళ్లో యూనియన్ శాఖకు అధ్యక్షుడు. ఆడవాళ్ల చోటు వంటిల్లేనని నిక్సన్ అనేవాడని పార్క్స్ తన ఆత్మకథలో గుర్తుచేసుకుంది. మరి నా సంగతేమిటని అడిగితే, నాకు సెక్రటరీ కావాలి కదా అన్నాడట. ఆ అరెస్టుకు నిరసనగా జరిగిన బస్సుల బహిష్కరణ కోసం రాత్రికి రాత్రి వేల కరపత్రాలు అచ్చుతీసింది కూడా ఒక మహిళే, కాలేజీ టీచర్ జో ఆన్ రాబిన్సన్.

1963 ఆగస్టు 28న పౌరహక్కుల కోసం వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది కదిలారు. ఆ ప్రదర్శనకు పెద్ద రాండాల్ఫ్, ఏర్పాట్లన్నీ చూసినవాడు బేయార్డ్ రస్టిన్. రస్టిన్ స్వలింగ సంపర్కుడు. ఆ కారణంగానే 1953లో కాలిఫోర్నియాలో జైలుకు వెళ్లాడు. ఆయన్ని ముందు నిలబెడితే ఉద్యమం పరువు పోతుందని సాటి నాయకులే వెనకాడారు. ప్రదర్శనకు పక్షం రోజుల ముందు సెనెటర్ స్ట్రామ్ థర్మండ్ సెనేట్‌లోనే ఆ కేసు తవ్వి తీశాడు. రాండాల్ఫ్ జంకలేదు, రస్టిన్‌పై తనకు పూర్తి నమ్మకం ఉందని బహిరంగంగా ప్రకటించాడు. పౌరుషాన్ని పెళ్లితో, సంపాదనతో కొలిచిన యూనియన్ నాయకుడు ఆ రోజు తన కొలతను తానే దాటాడు.

ఆడవాళ్ల విషయంలో మాత్రం అంత దూరం రాలేదు. ప్రదర్శన సారథులు పదిమందీ మగవాళ్లే. నిర్వాహక సంఘంలో ఉన్న ఒకే మహిళ అన్నా హెడ్జ్‌మన్ అభ్యంతరం చెబితే, చివరకు ఉద్యమకారిణి డైజీ బేట్స్‌కు వేదిక మీద కొద్ది మాటలకు అవకాశం దొరికింది. ప్రదర్శన ముందు రోజుల్లో రాండాల్ఫ్ ప్రసంగించిన నేషనల్ ప్రెస్ క్లబ్‌లో మహిళా విలేకరులు అప్పట్లో బాల్కనీలోనే కూర్చోవాల్సి ఉండేది. నల్లవాళ్లను బస్సు వెనక్కి పంపడానికీ దీనికీ తేడా ఏమిటని న్యాయవాది పౌలీ మర్రే ఆయన్ని నిలదీసింది.

ఆ ప్రశ్న సద్దుమణగలేదు. 1965లో డేనియల్ మొయినిహన్ ప్రభుత్వానికిచ్చిన నివేదిక, నల్ల కుటుంబాల కష్టాలకు ఆడపెత్తనం ఒక మూలమని వాదించి, ఇంటికి మగదిక్కే ఆధారమన్న పాత కొలతను మళ్లీ బిగించింది. ఐదేళ్లకు, తుపాకీ పట్టిన మగవాడి బొమ్మతో పేరుపడ్డ బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు హ్యూయీ న్యూటన్, మహిళల, స్వలింగ సంపర్కుల ఉద్యమాలతో చేయి కలపాలని తన పార్టీవాళ్లకే చెప్పాడు. 1977లో బోస్టన్‌లోని కొంబాహీ రివర్ కలెక్టివ్ మహిళలు, జాతివివక్ష మీద నల్ల మగవాళ్లతో కలిసి పోరాడతామనీ, లింగవివక్ష మీద వాళ్లతోనే పోరాడతామనీ రాసుకున్నారు.

1982లో పోర్టర్ల చరిత్ర మీద డాక్యుమెంటరీ వచ్చినప్పుడు, ఆ కథ చెప్పిన గొంతు నూరేళ్లు నిండిన రోజినా టక్కర్‌ది. రస్టిన్ 1987లో కన్నుమూశాడు. 2013లో దేశ అత్యున్నత పౌర పురస్కారం ఆయనకు ప్రకటించినప్పుడు అప్పటి అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా అందుకున్నది ఆయన జీవిత సహచరుడు వాల్టర్ నేగల్. 1953 నాటి శిక్షకు కాలిఫోర్నియా క్షమాభిక్ష ఇచ్చింది 2020లో.