మూసీ నది: నీటి కొరత, నీటి నాణ్యత – చారిత్రక పరిశీలన

నీటి కొరతను, నీటి కాలుష్యాన్ని మనం సాధారణంగా రెండు వేర్వేరు సమస్యలుగా చదువుతాం. మూసీ నది వందేళ్ళ చరిత్రను పరిశీలిస్తే, నగరం కొరతను తీర్చుకున్న పద్ధతే కాలుష్యాన్ని పెంచిందని తెలుస్తుంది. ఆ క్రమాన్ని ఈ భాగంలో చూద్దాం.

1. ఎగువన జలాశయాలు, దిగువన మురుగు

మూసీ వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో వేలాది మంది చనిపోయారు. తరువాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా కోరింది. ఫలితంగా నగరానికి ఎగువన మూసీపై ఉస్మాన్ సాగర్ (1920), ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ (1927) ఏర్పడ్డాయి. ఇవి వరదను అదుపు చేయడమే గాక నగరానికి తాగునీటిని ఇచ్చాయి. అయితే వానలు లేని నెలల్లో నగరం గుండా పారే మంచినీరు తగ్గింది.

జనాభా పెరగడంతో 1965లో మంజీరా నీరు, 21వ శతాబ్దంలో కృష్ణా, గోదావరి జలాలు నగరానికి వచ్చాయి. ఈ నీటిలో అధిక భాగం వాడకం తరువాత మురుగుగా మారి మూసీలోనే చేరింది. కొత్త నీరు వచ్చిన ప్రతిసారీ మురుగు పరిమాణం కూడా పెరిగింది.

2. నాణ్యతను కొలిచే ప్రమాణాలు

నీటిలోని సేంద్రియ మలినాలను సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే కొలమానమే జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బి.ఒ.డి.). బ్రిటన్‌లో మురుగు పారవేతపై ఏర్పడిన రాయల్ కమిషన్ 1912లో, నదిలోకి వదిలే మురుగునీటికి లీటరుకు 20 మిల్లీగ్రాముల బి.ఒ.డి. పరిమితిని సూచించింది. అయితే నదిలో మురుగుకు కనీసం ఎనిమిది రెట్ల మంచినీరు ఉంటుందన్న అంచనాపై ఆ పరిమితి ఆధారపడింది. వేసవిలో మూసీకి అంత ప్రవాహం ఉండదు.

మన దేశంలో 1974 జల కాలుష్య నివారణ చట్టం కింద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. అది నీటిని వినియోగాన్ని బట్టి ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అయిదు తరగతులుగా విభజించింది. స్నానానికి ఉద్దేశించిన ‘బి’ తరగతిలో బి.ఒ.డి. లీటరుకు 3 మిల్లీగ్రాములు, కోలిఫాం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 మించరాదు. సాగునీటికి ఉద్దేశించిన ‘ఇ’ తరగతిలో మాత్రం ఆమ్ల–క్షార స్థాయి, విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, బోరాన్ మాత్రమే ఉన్నాయి; బాక్టీరియాకు పరిమితి లేదు. అంటే ఈ వర్గీకరణ పంటను దృష్టిలో పెట్టుకుంది గాని, ఆ నీటిలో నిలబడి నాట్లు వేసే మనిషిని కాదు.

3. దిగువ రైతుల అనుసరణ

మురుగు చేరడంతో దిగువ గ్రామాలకు ఏడాది పొడవునా ప్రవాహం దొరికింది. రైతులు కత్వలు, కాలువల ద్వారా ఆ నీటిని మళ్ళించి వరి పండించారు. అందులోని నత్రజని, భాస్వరం ఎరువుగా కూడా ఉపయోగపడ్డాయి. లవణాలు పెరిగి వరి దెబ్బతిన్న పొలాల్లో, పీర్జాదిగూడ వంటి చోట్ల, పశుగ్రాసంగా పారాగడ్డి పెంచి నగరంలోని పాడి యజమానులకు అమ్మారు. దీనికి చర్మంపై దురద, నులిపురుగుల బెడద, భూగర్భజలాలు చెడిపోవడం వంటి రూపాల్లో మూల్యం చెల్లించారు.

4. ముగింపు

కొరతను ఎదుర్కొనే అనుసరణలో లాభం ఒకరికి, నష్టం మరొకరికి దక్కవచ్చని మూసీ చరిత్ర చూపుతోంది. మురుగును పూర్తిగా దారి మళ్ళిస్తే దిగువ రైతు సాగునీరు కోల్పోతాడు. శుద్ధి చేయకుండా వదిలితే ఆరోగ్యం కోల్పోతాడు. కాబట్టి శుద్ధి చేసిన నీటిలో దిగువ గ్రామాల వాటాను కూడా నిర్ణయించినప్పుడే నది ప్రక్షాళన న్యాయమైనది అవుతుంది.

ఆలోచించండి: మీ ప్రాంతంలోని వాగు లేదా చెరువు నీటిని ఎవరు, ఏ అవసరానికి వాడుతున్నారు? ఆ నీటి నాణ్యతను నిర్ణయించడానికి ఏ కొలమానాలు అవసరం?